సాంబన్న అభిమానులు

మా ఆయనకు ఇంకా ఆఖరి స్నానం కూడా పోయలేదు, వాకిట్లో ఫ్లెక్సీ కట్టేశారు.

ఫ్లెక్సీలో ఆయన పాడె మీద లేచి కూర్చుని నవ్వుతున్నాడు. నా చదువు రెండో తరగతి. అయినా కింద రాసిన 'సాంబన్న' అన్న మూడక్షరాలు ఎక్కడున్నా గుర్తుపడతాను.

ఆ పేరు ఆయనది కాదు. సీరియల్‌ది.

'ఎడ్డెపల్లి ముచ్చట్లు' అని, మా మెట్‌పల్లి పక్క ఊళ్ళోనే తీశారు. ఆ ఊరికి సర్పంచి ఒక బర్రె. పోస్టుమాను తనే ఉత్తరం రాసుకుని, తనే చదువుకుని, తనే ఏడుస్తాడు. సాంబన్నగా మా ఆయన వారం వారం చచ్చిపోతాడు.

పాడెను దింపుడుకళ్లం దగ్గర దించి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఆయన లేచి కూర్చుంటాడు.

"ఇయ్యాల ఏం కూర?"

"బీరకాయ."

"అయితే పోనియ్యుండ్రి," అని మళ్ళీ పడుకుంటాడు.

అంతే. దానికే జనం పొర్లి పొర్లి నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

సీరియల్ ఆగి ఇరవై ఏళ్ళు దాటింది. జనం ఆగలేదు. ఫోన్లొచ్చాక మరీ ఎక్కువైంది. ఆయన మరమగ్గం దగ్గర నిలబడి తెగిన పోగు అతుకుతుంటే వచ్చి భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగేవాళ్ళు. నలభై ఏళ్ళు నేసిన బట్ట గురించి ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

అంగట్లో బీరకాయ పట్టుకుంటే చుట్టూ నవ్వులు. నిజానికి ఆయనకు బీరకాయ అంటే ప్రాణం. సిగ్గుపడి కొనడమే మానేశాడు.

"రావద్దను వాళ్ళని," అంటే వినేవాడు కాదు.

"ప్రేమతోని అస్తరే. ఎట్ల వద్దంట?"

ఇవాళ కూడా ప్రేమతోనే వచ్చారు. ఖానాపూర్ నుంచి, ధర్మపురి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. అభిమానుల సంఘానికి పెద్దట, అరుణ్‌కుమార్ అని ఒక బడిపంతులు, నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అవ్వా, మా బాపు పోయినప్పుడు నేను నెల దినాలు నవ్వలే. మళ్ళ నన్ను నవ్విచ్చింది సాంబన్ననే."

అలా అన్నవాణ్ణి ఏమని తిట్టను?

పాడె వాళ్ళే మోశారు. దారి పొడుగూ "సాంబన్న అమర్ రహే" అని అరిచారు. నేను పళ్ళు బిగబట్టి వెనక నడిచాను.

దింపుడుకళ్లం దగ్గర దించారు. ప్రాణం ఇంకా చుట్టుపక్కలే తిరుగుతుంటే, తన పేరు విని వెనక్కి వస్తుందని మా నమ్మకం. ముందు కొడుకు శ్రీహరి చెవిలో "బాపూ" అని పిలిచాడు. ఇక పేరు పెట్టి పిలవాలి. పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్ళలో మిగిలింది ఆయన అన్న రాజం ఒక్కడే. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కర్ర పట్టుకుని వంగాడు.

"ఓ సాంబన్నా!" అన్నాడు.

సొంత తమ్ముణ్ణి 'అన్నా' అని పిలిచాడు! పాతికేళ్ళుగా ఊరంతా పిలిచే పిలుపు, ఆయన నోటికీ అదే వచ్చింది.

"బీరకాయ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

నవ్వులు. ఏడుస్తూనే నవ్వారు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

నా ఒళ్ళు భగ్గుమంది.

"బందు వెట్టుండ్రి!"

"అవ్వా, ఏమైంది?" అన్నాడు అరుణ్‌కుమార్.

"ఎవన్ని పిలుస్తుండ్రురా మీరు? సాంబన్న ఎవడు? నాకు పుస్తె గట్టినోడా? జరం మీద సుత దినాము మగ్గం నడిపినోడా? మీ సాంబన్న మీ ఫోన్లల్ల ఉన్నడు. ఎన్నిసార్లన్న లేపుకోండ్రి. గీయన నా పెనిమిటి. గీయన పేరేందో మీల ఒక్కనికన్న ఎరికేనా?"

పంతులు వెనక్కి తిరిగి సంఘంవాళ్ళ మొహాలు చూశాడు.

"రాజం బావా, నువ్వన్న పిలువు."

రాజం బావ పెదవులు కదిలాయి.

"యాదికస్తలే, దేవవ్వా."

"అవ్వా, ఊకో. నేను పిలుస్త," అన్నాడు శ్రీహరి.

"కొడుకు బాపును పేరు వెట్టి పిలుస్తడారా? తప్పుకో."

యాభై రెండేళ్ళ కాపురం. ఆయన పేరు నా నోటితో ఒక్కనాడూ అనలేదు. మాలో పెండ్లాం పెనిమిటి పేరు పలకదు. రేషన్ కార్డుకు అడిగినా, మొన్న దవాఖానాలో చీటీ రాసేవాళ్ళు అడిగినా, శ్రీహరినే చెప్పమన్నాను.

పాడె పక్కన కూర్చున్నాను. చెవి మీద పడ్డ పూలు పక్కకు జరిపాను.

"రామచంద్రం."

వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"రామచంద్రం."

కోపంగానే పిలిచాను. ఆ కోపంలో ఆయన మీదిది ఎంతో, వాళ్ళ మీదిది ఎంతో నాకూ తెలియదు.

"ఓ రామచంద్రం!"

డప్పులు ఆగిపోయాయి. ఫోన్లు ఒక్కొక్కటే జేబుల్లోకి పోయాయి.

మోసేవాళ్ళు భుజాల మీద తువ్వాళ్ళు సర్దుకున్నారు. శ్రీహరి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

"అవ్వా, పొద్దు పోతుంది. ఎత్తుదమా?"

"జర ఆగురా," అన్నాను. "గిప్పుడే గదా పిలిసింది."