మాట వినే కుక్క

నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మా బావమరిది జోనథన్ పదిమందిలోనూ అంటాడు. ఆ రాత్రి మాత్రం వాడూ నాతోపాటు వ్యానులోనే ఉన్నాడు. కావాలంటే వాణ్ణే అడగండి.

వెల్లింగ్టన్ నుంచి బయల్దేరి, టౌరంగా దాటాక అడవిదారిలో క్యాంపింగుకు దిగాం. వాన పట్టుకుంది. ముందు వాగూ వెనక వాగూ పొంగి మధ్యలో చిక్కుకుపోయాం. ఫోన్లకు సిగ్నల్ లేదు. తలుపు లాక్ చేసుకుని పడుకున్నాం.

కాసేపటికి వాడి కుక్క పులి లేచి, తలుపుకెదురుగా బుద్ధిగా కూర్చుంది. షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు ముందుకాలు చాపింది. తర్వాత పడుకుని ఒక దొర్లు దొర్లింది.

"నువ్వు పిలిస్తే పలకని కుక్కకి ఇవన్నీ ఎప్పుడు నేర్పావురా?" అని ఎగతాళి చేశాను.

"నేనేం నేర్పలేదు బావా." వాడు లేచి కూర్చున్నాడు. "అది ఎవరి మాటో వింటోంది."

బయట వాన చప్పుడు తప్ప మరేమీ లేదు. వ్యాను తీద్దామంటే పోయే దారీ లేదు.

పులి చెవులు నిక్కబొడుచుకుని మళ్లీ ఏదో విన్నది. తోక ఊపుకుంటూ నా దగ్గరికొచ్చింది. నా లుంగీ అంచు మెల్లగా నోట కరుచుకుని, తలుపు వైపు లాగడం మొదలుపెట్టింది.