పంటి గాటు

"ఈ గాటు నింపొద్దప్పా, నొప్పి పెట్టే దవడపన్నొక్కటే సూడు," అంటూ ఆదెమ్మ ముందుపంటిని చేత్తో మూసుకుంది.

మదనపల్లె పళ్ళ డాక్టరు నవ్వాడు. "సగం అరిగిపోయిందమ్మా, ఇట్లే వదిలితే ఇరుగుతుంది. ఏం కొరుకుతావు?"

"టమోటా కట్టెలకు కట్టే పురికొస. ముప్పై ఏండ్లుగా పంటితోనే తెంపుతాండా. నువ్వు నింపేస్తే మల్లా పురికొస ఎట్ల తెగుతుంది?"

పక్కనున్న కూతురు యమున తల వంచుకుంది. "ఇంక కట్టే పని లేదులేమ్మా. పోయిన వారమే నాయన చేను అమ్మేసినాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆదెమ్మ కూతురి వైపు తిరిగింది.

"మొన్ననే కదా పాపా, తొలి గంప టమోటాలు సామికని మొక్కుకుంటి. మీ నాయన పక్కనే నిలబడి ఉండె."

నాలుకతో గాటును ఒకసారి తడుముకుని నోరు తెరిచింది.

"నింపేయప్పా."