బోర్డు మీద బిడ్డ

"అప్పా, ఆ బోర్డు సూసి లోపలికి పోవద్దు."

తిరుపతిలో సంతాన క్లినిక్ గేటు దగ్గర గడ్డమాయన ఒకడు దేవరాజులు చెయ్యి పట్టుకున్నాడు.

దేవరాజులుకు ఒళ్లు మండింది. వడమాలపేట నుంచి వచ్చిందే ఆ బోర్డును నమ్మి. గేటు మీద ఎత్తున గుండు చేయించుకున్న మగాడు, ఒళ్లో గుండు బిడ్డ, కింద 'మూలకణాల చికిత్సతో నేనూ తండ్రినయ్యాను' అని పెద్దక్షరాలు.

"సెయ్యి వదులు. నీకేం తెలుసు?"

"ఈళ్లు ఏసే సూదితో ఏమీ కాదప్పా. నేను..."

"నీకు బిడ్డలుండారా?"

"లేరు."

"అదీ సంగతి. ఓర్సలేక ఏడుస్తాండావు."

"ఆయప్ప ఏమో సెప్తాండాడు, ఇనయ్యా," అంది భార్య లోకేశ్వరి.

దేవరాజులు వినలేదు. చెంప మీద ఒక్కటి పీకాడు. ఆ మనిషి ఎడమ చెవి తడుముకున్నాడు. ఆ చెవి తమ్మె ఎప్పుడో తెగి ఉంది. వాచ్‌మన్ వచ్చి మెడపట్టి గెంటేశాడు.

ఏళ్ల తరబడి ఊరు గొడ్రాలన్నది లోకేశ్వరిని. వీర్యకణాలు లేనిది తనకేనని పరీక్షలో తేలినా దేవరాజులు నోరు విప్పలేదు. బిడ్డ పుడితే తన గుట్టు దాగుతుంది. మగతనమంటే ఇదన్నమాట.

"నీ ఎముక మజ్జలోంచి మూలకణాలు తీసి సూదితో ఎక్కిస్తాం. ఏడాదిలో తండ్రివైపోతావు. ముందు కొండకు పోయి తలనీలాలిచ్చి రా," అన్నాడు డాక్టరు.

గుండుతో కొండ దిగి వచ్చి సూది వేయించుకున్నాడు. నర్సు ఎవరి బిడ్డనో తెచ్చి ఒళ్లో పెట్టింది. ఆ బిడ్డకూ గుండే.

"మంచి శకునం. నవ్వు," అని డాక్టరు డిజిటల్ కెమెరా తీశాడు.

దేవరాజులు మురిసిపోయి నవ్వాడు. తనకు బిడ్డ పుట్టేదాకా ఇక జుట్టూ గడ్డమూ తీయనని మొక్కుకున్నాడు.

ఏడాది దాటింది. పరీక్ష చేయిస్తే మళ్లీ సున్నా. ఊళ్లో లోకేశ్వరిని సీమంతాలకు పిలవడం కూడా మానేశారు.

"లోపం నీదని ఒక్కరికన్నా సెప్పినావా?" అని అడిగి, ఆమె కార్వేటినగరంలో పుట్టింటికి వెళ్లిపోయింది.

దేవరాజులు ఉడికిపోతూ క్లినిక్‌కు వచ్చాడు. గేటు మీద పాత బోర్డు దింపి కొత్తది బిగిస్తున్నారు. కొత్త బోర్డులో అతనే. గుండు, ఒళ్లో బిడ్డ, ఆ దిక్కుమాలిన నవ్వు.

కింద ఒక జంట లోపలికి పోతోంది. పరుగెత్తి ఆ మగమనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"పోవద్దప్పా. అంతా మోసం. ఆ బోర్డులో ఉండేది నేనే."

అతను పైనున్న గుండును చూశాడు, ఎదురుగా ఉన్న గడ్డాన్ని చూశాడు.

"పోరా పిచ్చోడా," అని ఒక్క తోపు తోశాడు.

దేవరాజులు వెళ్లి గోడకు ఆనించిన పాత బోర్డు మీద పడ్డాడు. ఏడాది కిందట తలెత్తి చూసిన బొమ్మ ఇప్పుడు ముఖానికి ముఖంగా ఉంది.

ఎవరి బిడ్డనో ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్న ఆ గుండు మనిషికి, ఎడమ చెవి తమ్మె తెగి ఉంది.