కొలువులోకి రాని బొమ్మ

"అమ్మా, విరిగిన బొమ్మలేమన్న ఉంటే ఇస్తరా?"

గేటు దగ్గర నిలబడ్డ మనిషి గొంతు బొంగురుగా ఉంది. మెడ చుట్టూ ఎర్ర తువ్వాలు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది దసరా వెళ్లి రెండు రోజులైంది. తార్నాకలో, లెక్చరర్ సుందరరావు గారి భార్య విశాలాక్షి బొమ్మల కొలువు ఎత్తేస్తోంది.

"ఎవరయ్యా నువ్వు?"

"వీరస్వామి అమ్మా. యూనివర్సిటీ వర్క్‌షాపుల కట్టె పని చేస్త."

"విరిగినవి ఎందుకు?"

"పిల్లలకు."

విశాలాక్షి మంచి మనిషే. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. అవిటి బొమ్మను కొలువులో పెట్టదు, ఒకరి చేతిలో అసలే పెట్టదు. ఇచ్చేది నిండుగా ఉండాలని ఆమె పుట్టింటి వాళ్లు నేర్పారు.

లోపలికి వెళ్లి కొండపల్లి పిల్లబొమ్మను తెచ్చింది. మోకాళ్ల దాకా పావడా, చక్కని రెండు కాళ్లు.

"పిల్లలకు మంచిదే ఇవ్వాలయ్యా. తీసుకో."

అతను బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో అనబోయాడు. దగ్గు తెర అడ్డొచ్చింది. దండం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు విద్యానగర్ నుంచి వస్తూ ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఆమె రిక్షా ఆపించింది.

వేపచెట్టు కింద వీరస్వామి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఆమె బొమ్మ, చేతిలో చిన్న రంపం. బొమ్మ ఎడమ కాలు తెగి నేల మీద పడి ఉంది.

విశాలాక్షికి ఒళ్లు మండిపోయింది.

"బుద్ధుందా నీకు? మా అమ్మ ఇచ్చిన బొమ్మ అది."

"గట్లనే కావాలమ్మా..." మాట బొంగురుగా, ముద్దగా వచ్చింది.

"పట్టపగలే తాగావా?"

బొమ్మను లాక్కుంది.

"గదొక్కటి ఇయ్యిండ్రి తల్లీ. రేపటికి కావాలె."

ఆమె రిక్షా ఎక్కేసింది.

నెలన్నర తర్వాత బాలల దినోత్సవం వచ్చింది. మహిళా మండలి ఆడవాళ్లు క్యాన్సర్ ఆసుపత్రి పిల్లల వార్డుకు కొత్త ప్లాస్టిక్ బొమ్మలు పట్టుకెళ్లారు. విశాలాక్షి కూడా వెళ్లింది, అంటుకుంటుందేమోనని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

పిల్లలు కొత్త బొమ్మలు తీసుకుని దిండు పక్కన పెట్టారు. మళ్లీ పాతవాటితోనే ఆడుకోసాగారు.

జుట్టు ఊడిన పిల్లవాడి ఒళ్లో బోడిగుండు బొమ్మ. కంటికి కట్టు ఉన్న పిల్ల దగ్గర ఒంటికన్ను బొమ్మ.

చివరి మంచం మీద ఎనిమిదేళ్ల చిట్టెమ్మ ఉంది. ఎడమ కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా ఉంది. ఆ పిల్ల దగ్గర పాత బొమ్మ లేదు.

"ఇదిగో అమ్మా, తీసుకో."

"నాకొద్దు. కాలు తీసినంక నేనొక్కదాన్నే గిట్ల ఉంట అని ఏడిస్తే, నా లెక్క ఉండే బొమ్మ తెస్తనన్నడు తాత. తేలే."

"ఏ తాత?"

"ఎర్ర తువ్వాల తాత."

విశాలాక్షి కొంగు ముక్కు మీద నుంచి జారిపోయింది.

రిక్షాలో ఇంటికి వెళ్లింది. నీళ్లలో కలుపుదామని అటక మీద పడేసిన బొమ్మను దించి, అదే రిక్షాలో తిరిగొచ్చింది.

చిట్టెమ్మ పావడా ఎత్తి చూసింది. లేని కాలు చోటును వేలితో తడిమింది. తర్వాత నవ్వింది.

"ఆపరేషన్ అయినంక నవ్వుడు ఇదే మొదలు" అంది నర్సు భారతమ్మ.

"ఆ పెద్దాయన ఎప్పుడొస్తాడమ్మా? చాలా తప్పు చేశాను. కాళ్లు పట్టుకోవాలి. ఈ పిల్లల కోసమని ఒక్క మాట చెప్పలేదే నాకు."

"ఈ జబ్బు పేరెత్తితే గేట్లు మూస్తరని ఎవ్వరికీ చెప్పకపోయేటోడు. దసరా అయినంక మంచం పట్టిండు" అంటూ భారతమ్మ ఆమెను పక్కనున్న మగవాళ్ల వార్డులోకి తీసుకెళ్లింది.

గొంతు క్యాన్సర్ రోగుల వరసలో, కిటికీ పక్క మంచం ఆ ఉదయమే ఖాళీ అయింది. ఉతికిన దుప్పటి మీద పిల్లలు చేసిపెట్టిన మట్టిబొమ్మ ఒకటి ఉంది, మెడ చుట్టూ ఎర్ర పేలికతో.