డ్రాప్ అంటే?

మాస్టారి మడమలు అప్పటికే గాల్లో ఉన్నాయి. కట్టడం సగంలో ఆగిపోయిన ఐదంతస్తుల మేడ మీద, స్లాబు అంచున, దున్నలాంటి మనిషి ఒకడు ఆయన కాలరు గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. ఆ గుప్పిలి విప్పితే చాలు, మాస్టారు కింద కంకర మీదే.

మిట్టమధ్యాహ్నం. స్లాబు పెనంలా కాలుతోంది. ఊడిన పన్ను నాలుక కింద కదులుతున్నా ఉమ్మేసే ధైర్యం లేదు ఆయనకి.

"నేనెవరికేం అపకారం చేశాను నాయనా?"

"మాకేం తెలుసు? నీ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ ఎవరికో కావాలంట. నువ్వు అడ్డమంట," అంటూ దున్న రెండో చేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచాడు.

మాస్టారికి చుక్కలు కనపడ్డాయి. ఆ చుక్కల మధ్య, ఎదురు వీధిలో ఇన్‌స్టిట్యూట్ పెట్టి ఈగలు తోలుకుంటున్నవాడి మొహం కూడా కనపడింది. ఇంకెవరు? వాడే!

ఇనప కడ్డీ చంకలో పెట్టుకుని ఫోన్లో "ఆఁ సార్... ఆఁ..." అంటున్న బక్కోడు బుర్ర గోక్కుంటూ వచ్చాడు.

"ఏమంటున్నాడ్రా పార్టీ?"

"పక్కన ఎవరో ఉన్నట్టున్నారన్నా. గుసగుసగా 'డ్రాప్ హిమ్' అని పెట్టేశాడు."

"అంటే?"

"హిమ్ అంటే వీడు. డ్రాప్ అంటే పడెయ్యడం అనుకుంటా."

"అంతేనా!" దున్న వేళ్ళు సడలాయి. చొక్కా గుండీ ఒకటి తెగి కిందికి పోయింది. అది నేలని తాకిన చప్పుడు పైదాకా రానేలేదు.

"ఆగండి! ఆ అర్థం తప్పు!" క్లాసులో లేచినట్టే లేచింది మాస్టారి గొంతు.

"చచ్చేముందు కూడా పాఠమేనా?" బక్కోడు కడ్డీ తిప్పి మోకాలి మీద కొట్టాడు. చిప్ప కలుక్కుమంది. మాస్టారు కేక పెట్టారు. అయినా మాట ఆపలేదు. ఆపితే ఇంక అంతే.

"నువ్వెంతవరకు చదివావు బాబూ?"

"ఏడు. మధ్యలో మానేశా."

"అలా మానేసినవాణ్ణి డ్రాప్ అవుట్ అంటారు. మరి నిన్నెవరైనా మేడ మీంచి తోశారా?"

బక్కోడు కడ్డీ దించి మళ్ళీ బుర్ర గోక్కున్నాడు.

"అయ్యా, నీ మీద కేసు డ్రాప్ చేశారంటే?" ఈసారి దున్నని అడిగారు.

"వదిలేశారని! పోయినేడు నాది అలాగే చేశారుగా."

"ఆటోవాడు నిన్ను డ్రాప్ చేశాడంటే?"

"ఇంటికాడ దింపాడని."

"మరింకేం? కొట్టింది చాలు, మనిషిని ఇంటిదగ్గర దింపెయ్యండి అంటున్నాడు మీ పార్టీ."

బక్కోడు కళ్ళు చిట్లించాడు. "చంపెయ్యడం అన్న అర్థం ఎక్కడా లేదంటావా?"

ఉంది. మాస్టారికి తెలుసు. అడిగినవాడికి ఏ అర్థమూ దాచి ఎరగని ఆయన, నోట్లోని నెత్తురుతో పాటు దాన్ని కూడా గుటుక్కున మింగేశారు.

"ఏ డిక్షనరీలోనూ లేదు."

"ఫోన్ చేసి అడుగుదామా అన్నా?"

"పనయ్యేదాకా చెయ్యొద్దన్నాడుగా." దున్న సడలిన గుప్పిలి మళ్ళీ బిగించాడు. "ఒరేయ్, చంపేశాక కాదంటే మళ్ళీ బతికించలేం. దింపేశాక కాదంటే మళ్ళీ ఎత్తుకు రావచ్చు. ముందు దింపుదాం."

ఒక్క గుంజు గుంజి స్లాబు మీద పడేశాడు. మాస్టారు కాలే సిమెంటుని కన్నతల్లిలా కరుచుకున్నారు.

వ్యాన్‌లో అడిగాడు బక్కోడు, "ఎక్కడ దింపమంటావు?"

పోలీస్ స్టేషన్ అందామని నోటిదాకా వచ్చింది. కడ్డీ చూసి వెనక్కి పోయింది. సొంతిల్లు? అక్కడ ఒక్కడే ఉండాలి. వీళ్ళు మళ్ళీ వస్తే?

"మా తమ్ముడింటికి పోనివ్వండి నాయనా."

సందు మొదట్లో తోసేసి వ్యాన్ వెళ్ళిపోయింది. గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి తలుపు కొట్టారు. తలుపు తీసిన తమ్ముడి మొహంలో రక్తం చుక్క లేదు.

"అన్నయ్యా! నువ్వా?"

పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తాగించాడు. తువ్వాలు తడిపి మొహం మీద నెత్తురు మెల్లగా తుడిచాడు. అప్పుడు ఏడుపొచ్చింది మాస్టారికి.

"మరదలేదిరా?"

"ఇందాకే పిల్లల్ని తీసుకుని బయటికెళ్ళింది. ఏం జరిగింది అన్నయ్యా?"

మాస్టారు అంతా చెప్పారు. చివరికొచ్చేసరికి ఏడుపులోంచే నవ్వు తన్నుకొచ్చింది. "డ్రాప్ అంటే దింపడమని నమ్మించానురా! అన్నం పెట్టిన ఇంగ్లీషే ప్రాణం కూడా నిలబెట్టింది. ఇదంతా ఆ ఎదురు వీధివాడి పనే. లే, పోలీసులకి ఫోన్ చెయ్యి."

తమ్ముడు లేచాడు. వీధి తలుపు గడియ పెట్టాడు. కిటికీ రెక్కలు మూశాడు. తడి తువ్వాలుని తాడులా మెలితిప్పుకుంటూ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"పాపం, వాడి తప్పేం లేదన్నయ్యా. తప్పు నాదే. ఆ మొద్దులకి తెలుగులో చెప్పి ఉండాల్సింది."