పారాణి అడుగులు

భీమడోలు స్టేషన్ ఎదుట జెరాక్స్ షాపులో కుసుమ ప్రింటు తీసి గిరిధర్ చేతికిచ్చింది. అతని కూతురు తొలి అడుగులు వేసిందని అరిసెల మీద నడిపించిన రోజున, పారాణి అద్ది తీసుకున్న పాదముద్రలవి. కాగితం మీద రంగు వెలిసిపోతోందని కాపీ తీయించడానికి తెచ్చాడు.

ప్రింటును ఆ పాత కాగితం పక్కన పెట్టి చూశాడు.

"చిన్నవైపోయాయండీ."

"పేజీలో పట్టేలా సెట్టింగ్ పెట్టి ఉందండీ. చుట్టూ అంచు వదలడానికి మెషిన్ కాస్త తగ్గించేస్తుంది," అంది కుసుమ నవ్వుతూ. "అయినా ఈ కాస్త తేడాకేముందండీ? పిల్లల పాదాలు ఇట్టే పెరిగిపోతాయి."

గిరిధర్ పాత కాగితాన్ని మళ్ళీ ఆమె ముందుకు జరిపాడు.

"ఇక పెరగవండీ. ఉన్నంతైనా రానివ్వండి."