గడ్డాలు బావమరిదివి

మా సెలూన్‌లో కటింగులు నావి, గడ్డాలు మా బావమరిదివి. ఏడాదిగా అంతే. చెయ్యి నొప్పని వాడికి చెప్పాను.

ఇవాళ వాడలా టీకి వెళ్ళగానే ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చి, "గడ్డం" అన్నాడు.

"మావాడు వచ్చేస్తాడండీ, కాసేపు కూర్చోండి."

"నువ్వే చెయ్యవయ్యా."

క్రీము రాసి నురగ తెప్పించాను. కత్తికి కొత్త బ్లేడు వేశాను. గొంతు దగ్గరికి రాగానే రోజూ వచ్చే ఆలోచనే వచ్చింది. కోసేస్తావు. చేతులు నావి కానట్టు మొద్దుబారిపోయాయి. కత్తి అవతల పారేసి బయటికి పోదామనిపించింది. పోలేదు. ఆలోచనా పోలేదు. ఏ భయమూ ఏ ధైర్యమూ లేకుండా గీస్తూ ఉన్నాను.

ఒక చెంప అయ్యేసరికి ఆయన గుర్రు పెట్టాడు.

పోయిన వారం ఈయన గదిలోనే, తలుపు వేయించి మరీ చెప్పుకున్నాను. "ఎవరి గొంతు చూసినా కోసేస్తానేమో అనిపిస్తోంది డాక్టరుగారూ."

"ఆలోచన జబ్బుది. చెయ్యి నీదే" అన్నాడు.

నేను నమ్మలేదు.

రెండో చెంప కోసం ఆయన తల మెల్లగా అటు తిప్పాను. నిద్ర లేవలేదు.